మామూలు అని రాయనందుకు

1. ఆషాఢం, సోమవారం, పోటు

నాకు మనసు లేదని మా ఇంట్లో తేల్చేశారు. తేల్చింది అమ్మ. ఒప్పుకున్నది అక్క. కాదనకుండా కంచంలోకి చూస్తూ కూర్చున్నది బావ.

జరిగింది ఇంతే. నిన్న సాయంత్రం అక్క కూతురు తొలకరి, ఎనిమిదేళ్ళది, చేపలు ఎండేసే మంచె మీంచి దూకింది. మోకాలు చీరుకుపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి ఎత్తుకోవాల్సింది. ముందు గడియారం చూశాను. అయిదూ నలభై. అప్పుడు ఎత్తుకున్నాను.

"పిల్ల నెత్తురోడతంటే టైం చూస్తదా ఎవతైనా? దీనికి కాయితం తప్ప ఇంకోటి పట్టదు. శేషకుమారి అని పేరు పెట్టాను గానీ శిలాఫలకమని పెట్టాల్సింది," అంది అమ్మ. అదంతా గుసగుసగానే. మా కట్ట మీద తిట్టడం కూడా మెత్తగా తిట్టాలి.

గడియారం ఎందుకు చూశానో వాళ్ళకి తెలుసు. నడవడి పుస్తకంలో మొదటి గడి 'ఎన్ని గంటలకు'. నిలకడ కోసం బిళ్ళలు వాడే పిల్ల ఉన్న ప్రతి ఇంటికీ ఒక పుస్తకం ఇస్తారు. ఇంట్లో ఒకరు రాయాలి, రాసినవాళ్ళే పూచీదారు అని మొదటి పేజీలో సంతకం పెట్టాలి. "డిగ్రీ చదివి ఊరికే కూచున్నావుగా, నువ్వు రాయి," అని నాకు అంటగట్టింది వాళ్ళే. రెండేళ్ళుగా ఒక్కరోజు వదలకుండా రాస్తున్నాను. తొలకరి ఎడమ కాలి మీదే ఎక్కువ గెంతుతుందనీ, అబద్ధం చెప్పబోయే ముందు చెవి పట్టుకుంటుందనీ, పెరుగన్నంలో మొదటి ముద్ద ఎప్పుడూ పిల్లికి పెడుతుందనీ ఈ ఇంట్లో నేను తప్ప ఎవరు చూశారు? దాన్ని ప్రేమ అనకపోతే మానెయ్యండి.

ఇది ఆ పుస్తకం కాదు. ఇది నాది. గురువారాలు వచ్చే వైద్యం పడవకి వెళ్ళదు.

2. ఆషాఢం, మంగళవారం, పాటు

పొద్దున్న అంట్లు నా వంతు. గిన్నెల అడుగున గోనెపట్టా, గరిటెకి గుడ్డ, తలుపు బందులకి ఆముదం. మా కట్ట మీద చెప్పులు లేవు, రోళ్ళు లేవు, పెళ్ళికి డోలు లేదు. పక్కింటి కోటేశ్వరమ్మత్త కూతురి పెళ్ళిలో తాళి కట్టేంతసేపూ అందరం పిడికిళ్ళతో బియ్యం తీసుకుని చాప మీద రాల్చాం. అదే మా మేళం. అలవాటైతే బాగానే ఉంటుంది.

ఇళ్ళ కింద, కట్ట మట్టిలో, వినే తీగలున్నాయి. సముద్రం ఎక్కడైనా కట్టలోకి ఊరితే ఆ చప్పుడు పట్టుకోవడానికి వేశారు. కట్టకి అవతల సముద్రం. ఇవతల, సముద్రం కన్నా పల్లంలో, అందరం తినే వరి. ఊరే నీటి చప్పుడుకీ, పిల్ల మంచం మీంచి దూకే చప్పుడుకీ ఆ తీగలకి తేడా తెలియదు.

ఇవాళ సాయంత్రం ఆరింటికి తొలకరి నులకమంచం మీంచి దూకడం మొదలుపెట్టింది. పదకొండుసార్లు. లెక్కపెట్టాను, అవును. పదకొండోసారికి కట్ట పొడవునా ఎర్రదీపాలు వెలిగి గంట మోగింది. వానలో తొమ్మిది మంది ఇసుక గోనెలు మోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. వాళ్ళలో బావ ఒకడు. గోనె తన గుమ్మం ముందే దించి, దాని మీదే కూర్చున్నాడు.

కోటేశ్వరమ్మత్త గడపలోంచే అక్క మీద అందుకుంది. "ఏమ్మా హైమా, మీ పిల్ల గెంతినప్పుడల్లా మా ఆయన నడుం ఇరగ్గొట్టుకోవాలా? కాళ్ళకి దూది కట్టు, లేపోతే నోట్లో బిళ్ళెయ్యి. ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

అక్క కొట్టలేదు. తొలకరిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలని చూసింది. చేపపిల్లలా జారిపోయింది. "అమ్మా, నా కాళ్ళు నా మాట వినట్లా," అంది తొలకరి, ఏడుస్తూనే గెంతుతూ.

ఈ ఏడు ఇది మూడో అబద్ధపు గంట. నాలుగోది మోగితే మా ఇల్లు కట్ట దిగాలి. దిగి నీళ్ళ మీద, ఇంటి పడవల్లో ఉండాలి. కట్ట మీద ఉండనివ్వని వాళ్ళకి పని కూడా ఉండదు.

పొద్దుటి బిళ్ళని నేను తిట్టను. అది రాకముందు తొలకరికి ఒక వాక్యం చివరిదాకా చదవడం కుదిరేది కాదు. మొదలుపెట్టిన నెలకి, నక్కా పీతా కథ మొత్తం చదివి, పుస్తకం మూసి, "పిన్నీ, దీనికి ఆఖరు ఉందే!" అని ఆశ్చర్యపోయింది. ఆ ముఖం నేను మర్చిపోను. కానీ సాయంత్రానికి ఆ బిళ్ళ దిగిపోతుంది. దిగేటప్పుడు ఉన్న చురుకంతా ఒక్కసారిగా తిరగబడుతుంది. ఏడుపు, గెంతులు, కనపడినదాన్ని విసరడం. దానికోసమని ఆర్నెల్ల కిందట మాపటి బిళ్ళ కలిపారు. పావు బిళ్ళతో మొదలై ఇప్పుడు సగం.

నడవడి పుస్తకంలో ఇవాళ పేజీన్నర రాశాను. ఏదీ వదల్లేదు.

3. ఆషాఢం, గురువారం, పోటు

వైద్యం పడవ వచ్చింది. పిల్లలు పడవ ఎక్కరు, పుస్తకాలే ఎక్కుతాయి. నూటనలభై మంది పిల్లలు ఆ ఇనప మెట్లు ఎక్కితే తీగలు ఊరుకోవు కదా. పుస్తకాలన్నీ ఒక పెట్టెలో పెడతారు, పెట్టె చదువుతుంది. మేం దాన్ని చదువరి అంటాం. చదివి చీటీ ఇస్తుంది, డాక్టర్ సామ్రాజ్యంగారు సంతకం పెడతారు.

మా చీటీ మీద: మాపటిది, సగం నుంచి ఒకటి.

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూసింది. "నువ్వేనా తొలకరి పుస్తకం రాసేది? ఎంత బాగా రాస్తావమ్మా! కళ్ళకి కట్టినట్టుంటది. అందరూ ఇట్టా రాస్తే నాకు సగం పని తగ్గుద్ది."

సిగ్గు లేకుండా చెప్తున్నాను, సంతోషపడ్డాను. ఇంట్లో ఎవరూ చదవని నా రాత ఒకరు చదివారని.

"బరువు, రక్తం చూడాలి ఈ బిళ్ళకి," అంది సంతకం పెడుతూనే. "రక్తం చూసే యంత్రం పై నెల వస్తదంట."

ఆరు నెలలుగా పై నెలే వస్తోంది.

4. శ్రావణం, శుక్రవారం, పాటు

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అమ్మ ఇవాళ బూరెలు వండింది. కోటేశ్వరమ్మత్త గిన్నెడు గడ్డ పెరుగు తెచ్చి, తొలకరి గడ్డం పుణికి, "బంగారు తల్లి, ఎంత బుద్ధిమంతురాలైందో," అంది. బుద్ధిమంతురాలు పెరుగు గిన్నె మొత్తం తినేసింది. తర్వాత బూరెలు ఏడు. తర్వాత "ఆకలి" అంది. పిల్లికి పెట్టే మొదటి ముద్ద ఈ మధ్య పెట్టడం లేదు. పిల్లి కాసేపు చూసి వెళ్ళిపోతుంది.

సాయంత్రాలు మేమిద్దరం కట్ట అంచున నడుస్తాం. సముద్రంలో మునిగిన ఊళ్ళ సామాన్లు పాటుకి నీళ్ళు వెనక్కి దిగాక రాళ్ళలో చిక్కుకుని ఉంటాయి. తలుపు గడియ, కరెంటు స్విచ్చి, గాజుపెంకు, బడిగంట నాలుక. తొలకరి ప్రతిదీ ఏరి నా మొహం ముందు పెట్టేది. "పిన్నీ, ఇది ఎవరిది?" నేను ఒక మనిషిని కల్పించాలి. పేరు చెప్పాలి, ఇంట్లో ఎవరెవరో చెప్పాలి, ఆ స్విచ్చి నొక్కితే ఏ గదిలో దీపం వెలిగేదో చెప్పాలి. చెప్పేలోపే ఇంకోటి ఏరేది. పోయిన ఏడు నాకు విసుగొచ్చి, "ఎవరిదైతే నీకెందుకే?" అని కసిరాను కూడా.

ఇవాళ రాళ్ళ మధ్య ఒక తాళంచెవి మెరిసింది. అది తొలకరి కాలి పక్కనే ఉంది. తను దాటి నడిచింది. వెనక్కి వెళ్ళి నేనే తీసి, "ఇదిగో, ఇది ఎవరిదో అడగవేం?" అన్నాను.

తొలకరి తాళంచెవిని చూసింది, నన్ను చూసింది. "కూచుందామా పిన్నీ?" అంది.

నడవడి పుస్తకంలో: గెంతులు లేవు. విసరడం లేదు. తిండి ఎక్కువ. ప్రశ్నలు లేవు.

కొండ మీది పటాల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మునిగిన ఊళ్ళ పటాలు గీసే పని. మూడేళ్ళుగా రాస్తూనే ఉన్నాను వాళ్ళకి, చివరికి రమ్మన్నారు. కార్తీకం మొదటివారంలో చేరాలి. ఈ గుసగుసల కట్ట మీద ఇక ఒక్క ఏడు కూడా ఉండలేనని నాకెప్పటినుంచో తెలుసు. ఆ కొసనుంచి ఈ కొసదాకా రోజుకి రెండుసార్లు నడిచినా కాళ్ళ తీట తీరదు నాకు. తొలకరి నా పోలికే అని అమ్మ అంటుంది. పొగడటానికి కాదు.

5. భాద్రపదం, బుధవారం, పోటు

ఈ వారం మా వరస పుస్తకాలన్నీ పడవరేవుకి చేర్చే వంతు నాది. పన్నెండు పుస్తకాలు బుట్టలో పెట్టుకుని నడుస్తుంటే గాలివాన పట్టుకుంది. తాటాకు షెడ్డులోకి దూరి, తడిసిన పేజీలు అంటుకుపోకుండా విప్పి ఆరబెట్టాను. చదవాలని కాదు. కానీ నా కళ్ళెక్కడ ఊరుకుంటాయి.

కోటేశ్వరమ్మత్త మనవరాలు సితార పుస్తకం. పోయిన నెల బడిలో పంతులమ్మ చెయ్యి కొరికిన సితార. మా గోడ అవతల రోజూ సాయంత్రం తల గోడకి కొట్టుకునే సితార.

సోమవారం: మామూలు. మంగళవారం: మామూలు. బుధవారం: మామూలు.

రెండేళ్ళ వెనక్కి తిప్పాను. మామూలు. ఇంకో పుస్తకం తీశాను. మామూలు. ఇంకోటి. 'బాగుంది.' ఇంకోటి. 'బాగుంది. మామూలు.' పన్నెండింట్లో పదకొండు పుస్తకాలు పలక మీద పిల్లలు దిద్దుకున్నట్టు ఒకే మాట. పన్నెండోది నాది. అందులో ఖాళీ గీత ఒక్కటి లేదు.

వాన తగ్గాక నేరుగా కోటేశ్వరమ్మత్త ఇంటికెళ్ళాను. చింతపండు పిక్కలు తీస్తోంది.

"అత్తా, సితారకి మాపటి బిళ్ళ ఇచ్చారా?"

"దానికెందుకు? పొద్దుటి బిళ్ళ ఒకటే."

"మరి కొరికింది, తల బాదుకుంటది, అవన్నీ పుస్తకంలో రాయలేదేం?"

అత్త పిక్కలు పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది. "పిచ్చిపిల్లా, అది నిజం రాయటానికిచ్చిన పుస్తకం అనుకున్నావా? ఆ పెట్టెకి పిల్ల కనపడదు, రాత కనపడద్ది. ఎంత రాస్తే అంత జబ్బు. మా అత్త నాకు చెప్పింది, నేను నా కోడలికి చెప్పాను. కడుపున పుట్టినదాని సంగతి పరాయోళ్ళ కాయితం మీద పెడతామా ఎక్కడన్నా?" పిక్కలు మళ్ళీ ముందుకి లాక్కుని, "ఇన్ని చదువులు చదివావు, మీ అమ్మ చెప్పలేదా?" అంది.

మా అమ్మకి చదువు రాదు. పుస్తకంలో నేను ఏం రాస్తున్నానో ఆమెకి తెలియదు. అక్కకి ఓపిక లేదు. బావ అడగడు. 'బాగా రాస్తావమ్మా' అన్నది డాక్టరమ్మ ఒక్కతే.

ఇంటికొచ్చి పాత చీటీలూ నా పేజీలూ పక్కపక్కన పరిచాను. మాఘం, అరపేజీ: పావు బిళ్ళ. చైత్రం, ఒక పేజీ: సగం. ఆషాఢం, పేజీన్నర: ఒకటి. ఆ ఆషాఢం పేజీ మళ్ళీ చదివాను. 'వానకి తడిసిన పిట్టలా వణుకుతూ గెంతింది' అని రాసుకున్నాను. ఆ పోలిక కుదిరినందుకు ఆవేళ కాస్త గర్వం కూడా. ఆ పిట్టని తొలకరి రోజూ మాపటిపూట నీళ్ళతో మింగుతోంది.

6. భాద్రపదం, ఆదివారం, పాటు

తొలకరి నోట్లో ఏదో చప్పరిస్తోంది.

"ఏంటే అది? చింతపిక్కా? ఉమ్మెయ్యి."

"ఏం లేదు పిన్నీ."

చెవి పట్టుకుంటుందేమోనని చూశాను. పట్టుకోలేదు. అయినా నమ్మక, గడ్డం పట్టి నోరు తెరిచి వేలు పెట్టి వెతికాను. చిగుళ్ళు, నాలుక కింద, బుగ్గల లోపల. తొలకరి నా వేలు కొరకలేదు, విదిలించుకోలేదు. పోయిన ఏడైతే నా వేలు మిగిలేది కాదు. నోరు తెరుచుకుని నిలబడింది.

ఏమీ లేదు. వేలు తీశాక పెదాలు మళ్ళీ మొదలుపెట్టాయి. ముందుకి, వెనక్కి. నాలుక మధ్యమధ్య బయటికి తొంగిచూసి లోపలికి పోతోంది, కన్నంలో ఎలుకలా.

"ఆపు తల్లీ."

"నేను చెయ్యట్లేదు పిన్నీ. అదే."

అక్కని పిలిచాను. అక్క చూసి, "ఏదో తింటంది," అంది. అమ్మ చూసి, "దిష్టి," అంది. ఉప్పు తిప్పి సముద్రంలో పోసొచ్చింది.

నడవడి పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, అరగంట కూర్చున్నాను. రాస్తే చదువరి దాన్ని ఇంకో జబ్బుగా లెక్కేస్తుంది, ఇంకో బిళ్ళ కలుపుతుంది. రాయకపోతే ఈ పెదాల సంగతి ఈ ఇంటి గోడలు దాటదు. రెండు వైపులా ఆలోచించి, జీవితంలో మొదటిసారి ఆ మాట రాశాను.

మామూలు.

7. ఆశ్వయుజం, గురువారం, పోటు

మూడు వారాలు 'మామూలు' రాశాను. తెలివైనదాన్ని అనుకున్నాను.

చీటీ వచ్చింది: ప్రస్తుత మోతాదు సరిపోయింది. కొనసాగించాలి.

సితార ఇంటి 'మామూలు' కొత్త బిళ్ళ రాకుండా తలుపు మూస్తుంది. నా 'మామూలు' తొలకరిని లోపల పెట్టి తాళం వేసింది. పడవ మీది నర్సుని బతిమాలి అడిగితే చెప్పింది: చదువరికి తెలిసిన మాటలు మూడే. పెంచు, కలుపు, కొనసాగించు. తగ్గించు అనే మాట దానికి ఎవరూ నేర్పలేదట. "తగ్గించాలని ఎవరూ రాయలేదు కదండీ మరి," అంది నర్సు.

8. ఆశ్వయుజం, శనివారం, పాటు

అక్కకి చెప్పాను. చాప మీద గుడ్డలు మడతపెడుతోంది. పుస్తకాల సంగతి, చీటీల సంగతి, పెదాల సంగతి అంతా చెప్పాను. నా రాతవల్లే అని కూడా చెప్పాను.

అక్క మడతపెట్టడం ఆపలేదు. "అయితే ఇప్పుడేం చెయ్యమంటావు? మానిపించమంటావా? నాలుగో గంట మోగితే ఎక్కడికి పోతాం?"

"ఒక్కసారిగా మానిపించకూడదంట. కొంచెం కొంచెంగా..."

"నీకేంటే, పై నెల కొండెక్కుతావు. రాసినన్నాళ్ళు రాశావు, ఇప్పుడు తప్పు రాశానని చెప్పి పోతావు. ఇక్కడుండేది నేను."

"నిజమే."

ఆ మాటకి ఆగింది. నేను పోట్లాడతాననుకున్నట్టుంది. చేతిలో తొలకరి గౌను ఉంది, ఈ మధ్యే కుట్లు విప్పి వెడల్పు చేసింది. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుంది.

"శేషూ, అది నా పక్కన కూచుంటది ఇప్పుడు. తెలుసా నీకు? పాలు తాగేటప్పుడు కూడా నిలవలా అది నా దగ్గిర. ఎత్తుకుంటే జారిపోయేది, ముద్దు పెడదామంటే తల తిప్పేది. ఎనిమిదేళ్ళు. ఇప్పుడొచ్చి నా భుజం మీద తల పెట్టి అట్టాగే ఉంటది. నా పిల్ల తల బరువెంతో నాకు ఇప్పటిదాకా తెలీదే. అది బిళ్ళ అని నాకు తెలీదా? తెలుసు. అయినా..."

గోడ అవతల సితార తల కొట్టుకోవడం మొదలైంది. టప్, టప్, మెత్తగా. తలకి గుడ్డ కట్టినట్టున్నారు. తీగలకి అందదు.

9. ఆశ్వయుజం, గురువారం, పోటు

ఇవాళ పుస్తకం తీసుకెళ్ళలేదు. తొలకరిని తీసుకెళ్ళాను. ఆ ఇనప మెట్లు తను ఎక్కితే గంట మోగుతుందని నర్సు గాభరా పడింది. మోగలేదు. ఇప్పుడు తొలకరి అడుగు పిల్లి అడుగు కన్నా మెత్తన.

డాక్టర్ సామ్రాజ్యంగారు తలెత్తి, "ఎవరీ పాప?" అన్నారు.

"మీరు కళ్ళకి కట్టినట్టు చదివిన పాపండీ."

ఆమెకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. పెన్ను కింద పెట్టింది. బల్ల ఇవతలికి వచ్చి, ఇనప నేల మీద గొంతుక్కూర్చుంది. "చేతులు చాపు తల్లీ. వేళ్ళు విప్పు. నోరు తెరువు. నాలుక బయటికి పెట్టి అట్టాగే ఉంచు." తొలకరి చెప్పినవన్నీ చేసింది. నాలుక మాత్రం చెప్పినట్టు నిలవలేదు. మోచేయి పట్టి మెల్లగా వంచి చూసింది. బరువు తూచింది. మళ్ళీ తూచింది. బయట వరస పెరుగుతోంది, చదువరి చీటీలు కక్కుతోంది, డాక్టరమ్మ లేవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఈ పెదాలు?"

"నలభై రోజులు."

"రాయలేదేం?"

"రాస్తే ఇంకోటి కలుపుతారని."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "రెండూ కలిపి ఇస్తేనే నిలదొక్కుకునే పిల్లలుంటారమ్మా. నేను చూశాను, అబద్ధం చెప్పను. ఈ పిల్ల వాళ్ళలో ఒకతె అవునో కాదో నాకు తెలీదు. చూసి తెలుసుకోవాల్సింది. పుస్తకం చదివి సంతకం పెట్టాను. బాగా రాశావన్నాను చూడు, అది నాకు గుర్తుంది."

పోతుందా అని అడిగాను. పెదాల సంగతి.

"పోవచ్చు. ఉండిపోవచ్చు. తగ్గించేటప్పుడు కొన్నాళ్ళు ఎక్కువవుద్ది కూడా, బెదిరిపోవద్దు. ఎంత త్వరగా మొదలెడితే అంత ఆశ. ఒక్కసారి ఆపితే మాత్రం అల్లాడిపోద్ది. రెండు వారాలకి ఒక పావు. పొద్దుటిది ఉంచు. అది కాదు దీనికి కారణం." తెల్లకాగితం మీద చేత్తో రాసింది. ఆ పడవలో చేత్తో రాసిన చీటీ చూడటం నాకదే మొదలు. "సాయంత్రాలు మళ్ళీ మొదటికొస్తాయి. గెంతుద్ది, ఏడుద్ది. కట్ట మీద కుదరదు. తీగల్లేని చోట ఉండాలి, ఎవరో ఒకరు రోజంతా పక్కనుండాలి, ఆర్నెల్లో ఏడాదో. పూచీ సంతకం తల్లి పెట్టాలా?"

నర్సు నిబంధనల పుస్తకం చూసి చెప్పింది. "తల్లి కాదండీ. రాసినవాళ్ళే పూచీదారు."

తొలకరి బల్ల మీది రబ్బరు ముద్రనీ, వినికిడి గొట్టాన్నీ, గాజు సీసాలనీ చూస్తూ నిలబడింది. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. అవి ఎవరివో అడగలేదు.

10. కార్తీకం, బుధవారం, పాటు

నిన్న ఇంట్లో చెప్పాను. అమ్మ, "పిల్లని తల్లి నుంచి ఇడదీస్తావంటే, నీది గుండేనా?" అంది. బావ మొదటిసారి నోరు విప్పాడు. "ఇంటి పడవకి కొత్త తారు పూయాలి. పొద్దున్నే చేస్తా," అన్నాడు. పొద్దున్నే చేశాడు. అక్క నాతో మాట్లాడలేదు. నిన్న సాయంత్రం నుంచి తొలకరి పక్కనే కూర్చుని ఉంది. తొలకరి తల అక్క భుజం మీద. ఇద్దరూ తలుపు వైపు చూస్తున్నారు, పెదాలు కదిలేది ఒక్కరివే. నేను గదిలోకి వెళితే అక్క ఆ తలని చేత్తో కప్పుకుంది, వాన పడుతున్నట్టు.

అక్క కావాలంటే కట్ట దిగి రోజూ రావచ్చు. కట్ట మీది వంతుపని వదిలి రాగలిగితే. అది కుదరదని తనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎనిమిదేళ్ళకి దొరికిన ఆ బరువుని నేనే దించేస్తున్నాను. ఆర్నెల్ల తర్వాత నేను తెచ్చి అప్పజెప్పే పిల్ల మళ్ళీ జారిపోయే పిల్లే కావచ్చు. పెదాలు అట్లాగే ఉండి, కాళ్ళు కూడా మాట విననిదీ కావచ్చు.

పటాల ఆఫీసుకి రావడం లేదని రాశాను. ఒక్క వాక్యం. నడవడి పుస్తకం పడవరేవులో తిరిగిచ్చేశాను.

ఇంటి పడవ లంగరు తాడుకి ముడులు ఎట్లా వెయ్యాలో బావ చూపించాడు. రెండుసార్లు తప్పు వేశాను, మూడోసారి వచ్చింది.

రేపు పొద్దున్న పాటు దిగేటప్పుడు తొలకరిని తీసుకుని కట్ట దిగుతున్నాను. పొద్దుటి బిళ్ళ ఉంటుంది. మాపటిది రెండు వారాలకి ఒక పావు తగ్గుతుంది. గెంతితే గెంతుతుంది. టైం చూడను.